ఇంట్లో షుగర్ పరీక్ష సరిగ్గా చేసుకోవడం ఎలా: చేతులు కడుక్కోవడం నుంచి అంకె అర్థం చేసుకునే దాకా

పదేపదే వస్తున్న ప్రశ్నలు రెండు. ఒకటి: "ల్యాబులో 148 వచ్చింది, అదే పొద్దున ఇంట్లో మెషీన్ 165 చూపించింది, ఏది నమ్మాలి?" రెండోది: "రోజూ పరగడుపున చూసుకుంటున్నాను, 120 దాటడం లేదు. మూడు నెలల పరీక్ష మాత్రం 8.6 వచ్చింది. ఎలా?"

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాం. ఆ మూడు నెలల పరీక్ష పేరు హెచ్‌బీఏ1సీ. అది 8.6 అంటే మూడు నెలల సగటు షుగర్ దాదాపు 200. పరగడుపున 120 ఉన్న మనిషికి సగటు 200 వచ్చిందంటే, చూసుకోని గంటల్లో ఒంట్లో షుగర్ చాలా పైన తిరుగుతోందన్నమాట. మెషీన్ తప్పు చెప్పలేదు, దాన్ని అడగాల్సిన వేళలో అడగలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో సూది ఎలా పొడుచుకోవాలన్న దానితో సమానంగా ఎప్పుడు పొడుచుకోవాలి, వచ్చిన అంకెతో ఏం చేయాలి అన్నవి కూడా ఉంటాయి. ఒక్క మాట: ఇంటి మెషీన్ షుగర్ ఉన్నవాళ్ళు అదుపు చూసుకోవడానికి. కొత్తగా షుగర్ వచ్చిందా లేదా అని తేల్చేది ల్యాబు పరీక్షే.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గ్లూకోమీటర్ (ఇక మీదట మెషీన్ అందాం)
- ఆ మెషీన్‌కు సరిపోయే స్ట్రిప్పులు, గడువు తేదీ చూసినవి
- సూదులు, మందుల షాపులో లాన్సెట్లు అని అడిగితే ఇస్తారు
- సూది బిగించే పెన్ను, మనిషికి ఒకటి
- శుభ్రమైన పొడి గుడ్డ లేదా దూది
- నోటుపుస్తకం, పెన్ను
- వాడిన సూదులు వేయడానికి మందమైన ప్లాస్టిక్ డబ్బా

మెషీన్ కొనేటప్పుడు దాని ధర కన్నా స్ట్రిప్పుల ధర అడగండి. మెషీన్ ఒక్కసారి కొంటాం, స్ట్రిప్పులు బతికినంతకాలం కొంటాం. మీ ఊళ్ళో, మీ వీధి చివర మందుల షాపులో ఆ స్ట్రిప్పులు ఎప్పుడూ దొరుకుతాయా అన్నది కూడా చూసుకోవాలి. చూపు మందగించిన పెద్దవాళ్ళకైతే అంకెలు పెద్దగా కనిపించే మెషీన్ తీసుకోండి.

కొనగానే చేయాల్సిన మొదటి పని తేదీ, సమయం సరిచేయడం. చాలామంది దీన్ని వదిలేస్తారు. తర్వాత డాక్టరు మెషీన్ జ్ఞాపకంలోని అంకెలు తిరగేస్తే, రాత్రి రెండింటికి 210 అని ఉంటుంది. నిజానికది మధ్యాహ్నం రెండు. ఆ అంకెను నమ్మి రాత్రి ఇన్సులిన్ పెంచితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇంకొకటి, కొలత. మన దేశంలో, అమెరికాలో మెషీన్లు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చూపిస్తాయి: 110, 180 లాగా. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడాల్లో వేరే కొలత వాడతారు: 6.1, 10.0 లాగా. పిల్లలు అక్కడి నుంచి మెషీన్ పంపిస్తే తెర మీద 9.4 కనిపించి అమ్మానాన్న కంగారు పడతారు. ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది, 9.4 అంటే సుమారు 169. ఇంకో చిక్కు, అక్కడి మెషీన్‌కు స్ట్రిప్పులు ఇక్కడ దొరక్కపోవచ్చు. ఇక్కడే కొనుక్కోవడం మేలు.

## 2. స్ట్రిప్పుల డబ్బా: అంకెలు తప్పేది చాలాసార్లు ఇక్కడే

స్ట్రిప్పు చివర రక్తాన్ని తాకగానే పనిచేసే ఎంజైమ్ పూత ఉంటుంది. తేమ, వేడి దాన్ని పాడుచేస్తాయి. స్ట్రిప్పు చూడ్డానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది, అదే ఇబ్బంది.

- స్ట్రిప్పులు వాటి డబ్బాలోనే ఉండాలి. నాలుగు తీసి కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకోవద్దు. తేమను పీల్చే పదార్థం ఆ డబ్బా లోపలే ఉంటుంది.
- ఒకటి తీయగానే మూత టక్కున మూయండి. పరీక్ష అయ్యేదాకా తెరిచి ఉంచవద్దు.
- డబ్బా తెరిచిన తేదీ స్కెచ్ పెన్నుతో దాని మీదే రాయండి. కొన్ని రకాలు తెరిచాక 3 నెలలే పనికొస్తాయి, కొన్ని 6 నెలలు, కొన్ని గడువు తేదీ దాకా. ఏదన్నది డబ్బా మీద, లోపలి కాగితంలో ఉంటుంది.
- ఫ్రిజ్‌లో పెట్టవద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. ఇన్సులిన్ పక్కన స్ట్రిప్పులు కూడా పెట్టేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది.
- వంటగదిలో స్టవ్ పక్క అర, స్నానాల గది, కారు ముందు అర, ఈ మూడూ పనికిరావు.

చాలా స్ట్రిప్పులను 30 డిగ్రీల లోపు నిల్వ చేయమంటారు, చాలా మెషీన్లు 10 నుంచి 40 డిగ్రీల మధ్యనే సరిగ్గా పనిచేస్తాయి. రెంటచింతల, రామగుండం మే నెల ఎండలో ఇంట్లోనే ఈ హద్దు దగ్గరికి వెళ్తాం. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, బీరువా కింది అరలో పెట్టండి. లంబసింగి లాంటి చోట చలికాలం తెల్లవారుజామున మెషీన్ పనిచేయకపోతే కాసేపు ఇంటి వెచ్చదనంలో ఉంచి మళ్ళీ చూడండి.

పాత రకం మెషీన్లలో డబ్బా మీది కోడ్ అంకె, తెర మీది కోడ్ ఒకటే కావాలి. కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ చూసుకోవాలి. కొత్త రకాల్లో చాలావాటికి ఈ బాధ లేదు.

## 3. చేతులు కడుక్కోవడం

ఈ ఒక్క మెట్టు వదిలేస్తే మిగతావన్నీ సరిగ్గా చేసినా దండగే.

మెషీన్ తీసుకునే రక్తం ఆవగింజంత కూడా ఉండదు. వేలి మీద కంటికి కనిపించని మామిడి రసం, అరటిపండు జిగురు, టీలో చక్కెర వేసినప్పుడు అంటిన పలుకు ఉన్నా ఆ చుక్కలో కలిసిపోతుంది. అసలు షుగర్ 110 ఉన్న మనిషికి 200 పైన చూపించిన సందర్భాలు ఉంటాయి. ఆ అంకెను చూసి ఇన్సులిన్ నాలుగు యూనిట్లు ఎక్కువ వేసుకుంటే గంటన్నరలో ఒళ్ళంతా చెమటలు పట్టి పడిపోతారు.

పండు తొక్క తీసిన వేలిని స్పిరిట్‌తో తుడిస్తే చాలనుకోవద్దు. స్పిరిట్ చక్కెరను పూర్తిగా తీయలేదు, సబ్బు నీళ్ళే తీస్తాయి.

1. గోరువెచ్చని నీళ్ళు, సబ్బుతో రెండు చేతులూ కడగండి. వెచ్చదనానికి రక్తం వేలి చివరికి వస్తుంది.
2. పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి. నీటి తడి ఉంటే రక్తం పలచబడి అంకె తగ్గి వస్తుంది.
3. స్పిరిట్ వాడితే పూర్తిగా ఆరేదాకా ఆగండి. ఇంట్లో సబ్బుతో కడుక్కున్నవాళ్ళకు స్పిరిట్ అవసరమే లేదు. రోజూ వాడితే చర్మం గట్టిపడుతుంది.

ప్రయాణంలో నీళ్ళు లేకపోతే మొదటి చుక్కను శుభ్రమైన దూదితో తుడిచేసి, రెండో చుక్క వాడండి.

## 4. సూది పోటు, రక్తం చుక్క, స్ట్రిప్పు: వరసగా

1. పెన్నులో కొత్త సూది బిగించండి. లోతు అంకె 2 లేదా 3 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. పొలం పని, బట్టలు ఉతకడం వల్ల వేళ్ళు గట్టిపడ్డవాళ్ళకు 4 కావచ్చు. చిన్నపిల్లలకు 1.
2. స్ట్రిప్పు తీసి, డబ్బా మూసి, మెషీన్‌లో పెట్టండి. తెర మీద చుక్క బొమ్మ మెరిసేదాకా ఆగండి.
3. చేతిని నడుము కిందికి వేలాడదీసి పది పదిహేను సెకన్లు ఉంచండి.
4. వేలి కొస మధ్యలో కాకుండా, గోటికి పక్కగా ఉండే అంచు మీద పొడవండి. మెత్తటి మధ్యభాగంలో నరాల కొసలు ఎక్కువ, నొప్పి ఎక్కువ. పైగా రోజంతా వస్తువులు పట్టుకునేది ఆ భాగంతోనే.
5. అరచేతి నుంచి వేలి కొస వైపు మెల్లగా నిమరండి. చుక్క దానంతట అది ఉబకాలి.
6. స్ట్రిప్పు అంచును చుక్కకు పక్క నుంచి తాకించండి, అదే పీల్చుకుంటుంది. స్ట్రిప్పు మీద పైనుంచి రక్తం పూయవద్దు.
7. అంకె రాగానే రాయండి. తర్వాత దూది అదిమి పట్టండి.

మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు వాడుకోండి. రెండు చేతులవి కలిపి ఆరు వేళ్ళు, ఒక్కో వేలికి రెండు అంచులు: మొత్తం పన్నెండు చోట్లు. వరసగా మారుస్తూ పోతే ఒక్క చోట కాయ కట్టదు. బొటనవేలు, చూపుడువేలు పనికి వదిలేయండి. కాలి వేళ్ళు అసలు పొడవద్దు. షుగర్ ఉన్నవాళ్ళ పాదానికి చిన్న గాయం కూడా పెద్దదవుతుంది.

రక్తం రావడం లేదని వేలి చివర గట్టిగా పిండడం అందరూ చేసే తప్పు. పిండితే రక్తంతో పాటు కండలోని నీరు కూడా వస్తుంది, అంకె తప్పుతుంది. చుక్క రాకపోతే వేలు వదిలేసి చేయి వెచ్చబెట్టండి, లోతు ఒక అంకె పెంచి ఇంకో వేలు పొడవండి.

సూది ఒక్కసారికే. రెండోసారికే మొన మొద్దుబారుతుంది, పోటు నొప్పి పెరుగుతుంది. ఇక భార్యాభర్తలిద్దరికీ షుగర్ ఉన్న ఇళ్ళలో మెషీన్ ఒకటే ఉండవచ్చు, పెన్ను మాత్రం ఒకటే ఉండకూడదు. సూది మార్చినా పెన్ను మూతి దగ్గర రక్తపు తడి మిగులుతుంది. కామెర్ల వైరస్‌లు (హెపటైటిస్ బి, సి) అలా అంటుకోగలవు. పక్కింటివాళ్ళు "ఒకసారి నాది చూడమ్మా" అంటే కొత్త సూది చేతిలో పెట్టండి, పెన్ను ఇవ్వవద్దు.

తెర మీద అంకెకు బదులు ఇవి వస్తే:

- తప్పు గుర్తు: రక్తం చాలలేదు, లేదా స్ట్రిప్పు తడిసింది. అదే స్ట్రిప్పుకు రెండో చుక్క చేర్చవద్దు, కొత్తది తీయండి.
- ఎక్కువ అనే గుర్తు (HI): చాలా మెషీన్లలో 600 దాటిందని అర్థం. చేతులు కడిగి మళ్ళీ చూడండి, మళ్ళీ అదే వస్తే వెంటనే ఆసుపత్రికి.
- తక్కువ అనే గుర్తు (LO): చాలా మెషీన్లలో 20 లోపు. చెమటలు, వణుకు లాంటి లక్షణాలు ఉండి మనిషి స్పృహలో ఉంటే మళ్ళీ పరీక్ష కోసం ఆగకుండా చక్కెర నీళ్ళు తాగించండి.

## 5. రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళ?

ఇది మీరు వాడే మందును బట్టి ఉంటుంది. పక్కింటాయన రోజుకు నాలుగుసార్లు చూసుకుంటున్నారని మీరూ చూసుకోనక్కర్లేదు.

మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలు మాత్రమే, షుగర్ అదుపులో ఉంది: రోజూ అవసరం లేదు. వారంలో రెండు మూడు రోజులు, ఒక్కోరోజు ఒక్కో భోజనానికి ముందూ వెనకా.

గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు: ఇవి షుగర్‌ను మరీ కిందికి లాగగలవు. పై లెక్కతో పాటు మధ్యాహ్న భోజనం ఆలస్యమైన రోజు, ఒళ్ళు తేలిపోతున్నట్టున్నప్పుడు తప్పకుండా.

రాత్రి ఒక్కపూట ఇన్సులిన్: రోజూ పరగడుపున. మోతాదు సరిచేసేది ఆ అంకెను బట్టే.

త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన రకం ఇన్సులిన్, ఉదయం, రాత్రి: ఉదయం టిఫినుకు ముందు, రాత్రి భోజనానికి ముందు. వారంలో కొన్ని రోజులు మధ్యాహ్నం, పడుకునే ముందు కూడా.

రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం షుగర్): ప్రతి భోజనానికి ముందు, పడుకునే ముందు; అప్పుడప్పుడు తెల్లవారుజామున 3 గంటలకు.

గర్భిణులు: సాధారణంగా పరగడుపున, మూడు పూటలా తిన్నాక. రోజూ.

పరగడుపు అంటే కనీసం 8 గంటలు నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా. చక్కెర లేని కాఫీ అయినా పాలు ఉంటే లెక్క తప్పుతుంది. లేచిన అరగంటలోపు చూసుకోండి. నడక, పూజ, పేపరు అయ్యాక తొమ్మిదింటికి చూసుకునే అంకె వేరు.

తిన్నాక రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. చేయి కడిగినప్పటి నుంచి లెక్కేస్తే పెళ్ళి భోజనంలో ముప్పావుగంట తేడా వస్తుంది. ఒంటిగంటకు మొదటి ముద్ద, మూడింటికి పోటు. ఫోనులో అలారం పెట్టుకోండి.

పరీక్ష ఉందని ఆ రోజు మాత్ర మానేయడం, ముందురోజు రాత్రి అన్నం మానేయడం చేయవద్దు. మామూలు రోజు ఎలా ఉంటుందో అలా ఉన్నప్పటి అంకె కావాలి మనకు.

## 6. జంట పరీక్ష: మెషీన్ ఇచ్చే అసలు సమాచారం

తిన్నాక 235 వచ్చింది. మంచిదా, చెడ్డదా? ఎక్కువే, అందులో అనుమానం లేదు. కానీ ఏం మార్చాలో ఆ ఒక్క అంకె చెప్పదు.

ఒకాయనకు టిఫినుకు ముందు 190, తర్వాత 235. ఇంకొకాయనకు ముందు 115, తర్వాత 235. తర్వాతి అంకె ఇద్దరికీ ఒకటే. మొదటాయనకు తిండి వల్ల పెరిగింది 45 మాత్రమే. ఆయన పళ్ళెం బాగానే ఉంది, రాత్రంతా షుగర్ పైన నిలిచిపోతోంది. ఆయన ఇడ్లీలు తగ్గించి ఆకలితో అలమటించడం వృథా. రాత్రి మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి. రెండో ఆయనకు పెరిగింది 120. ఆయన పరగడుపు అంకె చక్కగా ఉంది, సమస్య ఆ పళ్ళెంలోనే ఉంది.

అందుకే ఒంటరి అంకెలు పది కన్నా జంటలు అయిదు మేలు. స్ట్రిప్పులు ఖర్చు అనుకునేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వారం ప్రణాళిక ఇలా:

- సోమ: టిఫినుకు ముందు, రెండు గంటల తర్వాత
- బుధ: మధ్యాహ్న భోజనానికి ముందు, రెండు గంటల తర్వాత
- శుక్ర: రాత్రి భోజనానికి ముందు, రెండు గంటల తర్వాత

ఆరు స్ట్రిప్పులతో వారం గడుస్తుంది. పెరుగుదల 50 లోపు ఉంటే ఆ భోజనం మీ ఒంటికి సరిపడుతున్నట్టే. 80, 100 దాటితే పళ్ళెంలో ఒక్కటి మార్చి, తర్వాతి వారం అదే పూట మళ్ళీ చూడండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

మధ్యాహ్నం మూడు గరిటెల అన్నం, ఒక గరిటె కూర తినేవాళ్ళు ఒక వారం గరిటెన్నర అన్నం, రెండు గరిటెల బీరకాయో గోరుచిక్కుడో, ఒక కప్పు ముద్దపప్పు పెట్టుకుని చూడండి. నాలుగు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీలు, ఉడికిన గుడ్డు. లేదా తిన్నది మార్చకుండా తిన్నాక పదిహేను నిమిషాలు వసారాలో నడిచి చూడండి. రాగి జావ, జొన్నరొట్టె షుగర్‌కు మంచివని అందరూ అంటారు. జొన్నరొట్టె ఎన్ని తింటే మీకు సరిపడుతుందో, పలచటి రాగి జావ తాగితే ఎంత పెరుగుతుందో చెప్పేది మీ వేలి చుక్కే. జావ చాలామందికి అనుకున్నదానికన్నా త్వరగా పెంచుతుంది.

## 7. ఎంత ఉండాలి?

గర్భం లేని పెద్దలు చాలామందికి: భోజనానికి ముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు.

గర్భిణులకు: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. ఈ హద్దు దాటిన అంకె రెండు మూడుసార్లు వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

డెబ్భై, ఎనభై ఏళ్ళ వాళ్ళకు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, ఒంటరిగా ఉండేవాళ్ళకు హద్దు కొంచెం సడలించాలి. వాళ్ళకు 150 వల్ల వచ్చే నష్టం కన్నా రాత్రి 55కు పడిపోయి బాత్రూమ్‌లో జారిపడితే వచ్చే నష్టం ఎక్కువ. నాన్నగారి షుగర్‌ను 100కు తెచ్చి తీరాలని పట్టుబట్టే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. మీ హద్దు ఏదో డాక్టరును అడిగి నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి.

పరగడుపున మాత్రమే ఎక్కువ వస్తుంటే: మూడు కారణాలు వెతకాలి. రాత్రి పదింటికి భోజనం, మీద మామిడిపండు; తెల్లవారుజామున ఒంట్లో ఊరే హార్మోన్ల వల్ల కాలేయం షుగర్ వదలడం; రాత్రి మందు చాలకపోవడం. తేల్చుకోవడానికి రెండు మూడు రాత్రులు పడుకునే ముందు, తెల్లవారుజామున 3 గంటలకు, లేవగానే చూడండి. 3 గంటలకే 70 లోపు ఉంటే మందు పెంచకూడదు; ఆ సంగతి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు కారణం లేకుండా ఒకరోజు 90, ఒకరోజు 290 వస్తుంటే పొట్ట మీద సూది వేసే చోట తడిమి చూడండి. గడ్డకట్టినట్టు, ఉబ్బుగా ఉంటే అక్కడ వేసిన ఇన్సులిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. చోటు మార్చండి. కానీ పాత మోతాదే కొత్త చోట గట్టిగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పి మార్చండి.

కీళ్ళకో, ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు పొద్దున వేసుకుంటున్నవాళ్ళకు పరగడుపు అంకె మామూలుగానే ఉండి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బాగా పెరుగుతుంది. వాళ్ళు పొద్దున చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు.

## 8. 70 కన్నా తగ్గితే: ఆలోచించే సమయం కాదు

చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, కోపం, మాట తడబాటు: షుగర్ పడిపోయిందని చెప్పే లక్షణాలు ఇవి. మెషీన్ చేతికి అందకపోతే పరీక్ష లేకుండానే మొదలుపెట్టండి.

1. మూడు టీస్పూన్ల నిండుగా గ్లూకోజ్ పొడి లేదా చక్కెర అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగండి. అది సుమారు 15 గ్రాములు.
2. 15 నిమిషాలు కూర్చోండి. మళ్ళీ చూడండి.
3. ఇంకా 70 లోపే ఉంటే అదే మోతాదు మళ్ళీ.
4. 70 దాటాక, భోజనానికి ఇంకా సమయం ఉంటే ఒక అరటిపండో, నాలుగు ముద్దల పెరుగన్నమో తినండి.

చాక్లెట్, ఐస్‌క్రీమ్, లడ్డు ఇవ్వవద్దు. వాటిలో కొవ్వు చక్కెరను ఒంటికి త్వరగా పట్టనివ్వదు. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవాళ్ళకు మామూలు చక్కెర కూడా నెమ్మదిగానే పనిచేస్తుంది. వాళ్ళ ఇంట్లో గ్లూకోజ్ పొడి తప్పనిసరిగా ఉండాలి. మీ మాత్రల చీటీ మీద ఈ పేర్లు ఉన్నాయేమో ఇవాళే చూడండి, ఇవి తరచు వేరే మందులతో కలిపిన మాత్రల్లో ఉంటాయి.

మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయండి.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిపోయిన షుగర్ ఒకసారి లేచి, కొన్ని గంటలకు మళ్ళీ పడవచ్చు. కిడ్నీ బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకు మరీ. "చక్కెర నీళ్ళు ఇచ్చాం, లేచి కూర్చున్నారు" అని ఒంటరిగా వదిలి వెళ్ళకండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి, రాత్రికి కూడా పరీక్ష చేయండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు బండి తీసే ముందు ఒకసారి చూసుకోండి. 90 లోపు ఉంటే ఏదైనా తిని, మళ్ళీ చూసుకుని బయల్దేరండి.

## 9. జ్వరం, వాంతులు ఉన్న రోజు

తినకపోయినా జ్వరంలో షుగర్ పెరుగుతుంది. అన్నం తినలేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం, అందులోనూ టైప్ 1 ఉన్నవాళ్ళు, ప్రాణం మీదికి తెస్తుంది. ప్రతి నాలుగు గంటలకు పరీక్ష చేసి, అంకెలు చెప్పి, మోతాదు డాక్టరును అడగండి.

250 పైన ఉండి వాంతులు, కడుపునొప్పి, బరువైన ఊపిరి, మత్తు ఉంటే ఇంట్లో ఆగవద్దు, రక్తంలో ఆమ్లాలు పేరుకుంటూ (కీటోఅసిడోసిస్) ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌ను మూత్రంలో బయటికి పంపే మాత్రలు) వాడేవాళ్ళకు షుగర్ 180 దగ్గరే ఉన్నా ఇదే ప్రమాదం రావచ్చు. వాళ్ళ విషయంలో అంకెను చూసి ధైర్యం తెచ్చుకోకూడదు, లక్షణాలను నమ్మాలి.

ఉపవాసాలు: కార్తీక సోమవారం, ఏకాదశి, రంజాన్ ఏదైనా సరే, మందు మోతాదు ముందే మార్పించుకోవాలి. వేలు పొడిచి పరీక్ష చేసుకుంటే రోజా విరగదని ముస్లిం పెద్దలు, డాక్టర్లు స్పష్టంగా చెబుతారు. 70 లోపుకు పడినా, 300 దాటినా ఆ రోజుకు ఉపవాసం విరమించాలి.

## 10. ల్యాబు అంకె, ఇంటి అంకె ఎందుకు కలవవు?

పైన మొదటి ప్రశ్న: 148, 165. ఇది తప్పు కాదు. మెషీన్ల ప్రమాణం ప్రకారం ల్యాబు విలువ 100, అంతకు పైన ఉంటే 15 శాతం అటూఇటూ, 100 లోపు ఉంటే 15 అంకెలు అటూఇటూ ఉండవచ్చు. 148కి 126 నుంచి 170 దాకా హద్దులోనే.

పోల్చాలనుకుంటే ఇలా చేయండి:

- పరగడుపునే. తిన్నాక వేలి కొస రక్తంలో షుగర్ చేతి నరం రక్తం కన్నా ఎక్కువే ఉంటుంది, పోలిక కుదరదు.
- ల్యాబులోనే, నరం నుంచి రక్తం తీసిన అయిదు నిమిషాల్లోపు వేలు పొడవండి.
- రక్తం బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో తీశారా చూడండి. అందులో షుగర్ కరిగిపోకుండా ఆపే మందు ఉంటుంది. మామూలు గొట్టంలో ఇంటి దగ్గర తీసిన రక్తం రెండు గంటలు బండి మీద తిరిగితే, రక్తకణాలే ఆ షుగర్‌ను తినేసి ల్యాబు అంకె తగ్గి వస్తుంది.

రక్తహీనత ఉంటే ఇంటి మెషీన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనత హెచ్‌బీఏ1సీని కూడా పెంచి చూపిస్తుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ ఎంతో తెలుసుకోకుండా ఈ అంకెలతో మందు పెంచుకుపోవడం సరికాదు. కడుపు ద్వారా డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు తమ ద్రావణానికి సరిపడే స్ట్రిప్పులేవో డయాలసిస్ విభాగంలో అడగాలి. కొన్ని రకాలు ప్రమాదకరంగా ఎక్కువ చూపిస్తాయి.

చేతికి అంటించుకునే సెన్సార్ వాడేవాళ్ళకు ఒక మాట: అది కొలిచేది చర్మం కింది నీటిలోని షుగర్, రక్తం కన్నా 5 నుంచి 15 నిమిషాలు వెనక ఉంటుంది. ఆ చేయి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల చూపిస్తుంది. ఒంటికి అనిపించేదీ సెన్సార్ చెప్పేదీ కలవకపోతే వేలు పొడవండి.

## 11. నోటుపుస్తకం, సూదుల డబ్బా

పుస్తకంలో ఒక్కో పరీక్షకు ఒక్క వరస చాలు:

- తేదీ, సమయం
- తినక ముందా, తిన్నాకా
- అంకె
- ఏం తిన్నారు, ఎంత ("అన్నం" అని కాదు, "అన్నం 2 గరిటెలు, పప్పు, అరటిపండు" అని)
- వేసుకున్న మందు, ఇన్సులిన్ యూనిట్లు
- ప్రత్యేకం: జ్వరం, పెళ్ళి, నడక మానేయడం, నిద్ర లేకపోవడం

బాగున్న అంకెలే రాసి, 280 వచ్చిన రోజును వదిలేసేవాళ్ళు ఉన్నారు, డాక్టరు కోప్పడతారని. ఆ 280 పక్కన "తిరుపతి ప్రయాణం, రెండుపూటలా బయటి భోజనం" అని రాసి ఉంటే ఏ డాక్టరూ కోప్పడరు, మందూ పెంచరు. అది లేకపోతేనే చిక్కు.

వాడిన సూదులు, స్ట్రిప్పులు మందమైన డబ్బాలో వేసి, ముప్పావు భాగం నిండగానే మూతకు టేపు చుట్టండి. మామూలు చెత్త సంచిలో వేస్తే చెత్త ఎత్తే అమ్మాయి చేతికి గుచ్చుకుంటుంది. మీరు వెళ్ళే ఆసుపత్రినో ల్యాబునో అడిగితే చాలాచోట్ల తీసుకుంటారు. లేదంటే హానికర చెత్తగా విడిగా చెప్పి అప్పగించండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేరోజు సంచిలో ఉండాల్సినవి:

- నోటుపుస్తకం, కనీసం గత రెండు వారాల జంట అంకెలతో
- మెషీన్, స్ట్రిప్పుల డబ్బాతో సహా
- వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ
- పొడిచే పెన్ను, కొత్త సూది. అక్కడే ఒకసారి మీరు పరీక్ష చేసుకుని చూపించండి, మీ పద్ధతిలో తప్పుంటే నర్సమ్మ కంటికి అప్పుడే దొరుకుతుంది